తల దించని గాంధిమతి

మోకాళ్లు అరిగాయి, ఈత కొడితే మంచిదని డాక్టరు చెప్పిన సాయంత్రమే కోడలు బృంద అత్త గాంధిమతికి ఈత దుస్తులు కొనుక్కొచ్చింది. బృంద కాలేజీలో ఈత పోటీలకు వెళ్లిన పిల్ల. ప్రతి శనివారం కోవిల్‌పట్టిలో బస్సెక్కించి, ఆడవాళ్లకు విడిగా వేళ ఉన్న విరుదునగర్ ఈతకొలనుకు అత్తను తీసుకుపోయేది.

"నాకు నేర్పేదేముండాది పిల్లా? విళాత్తికుళం పక్కన మా చేని బావిలోనే కదా నేను పెరిగింది!" అంది గాంధిమతి.

నిజమే, ఆమె మునగదు. కానీ తల నీళ్లపైకి నిక్కించి ఈదుతుంది. తల పైకి లేస్తే కాళ్లు కిందికి జారతాయి. నాలుగు బారలకే ఆయాసం, ఆపైన మెడనొప్పి.

బృంద తన పాత సంచీ విప్పింది. ముందు నీళ్లమీద తేలే పలక ఇచ్చి, పట్టుకుని కాళ్లాడించమంది. గాంధిమతి ఎంత గట్టిగా తన్నినా ఉన్నచోటే ఉంది. తరవాత తొడల మధ్య పెట్టుకునే తేలుడు దిమ్మ ఇచ్చింది. కాళ్లు తేలాయి గానీ తల మాత్రం దిగలేదు, నడుము విల్లులా వంగింది. దిమ్మ జారిపోయి అవతలికి కొట్టుకుపోయింది.

"చూడు, నాకన్నా అదే బాగా ఈదుతాంది!" అని గాంధిమతి నవ్వింది.

మరుసటి వారం బృంద, నోట్లో పెట్టుకుంటే ముఖం ముందునుంచి నిలువుగా పైకి లేచే గాలి గొట్టం తెచ్చింది. "దీంతో ఊపిరికి తల ఎత్తే పనే లేదత్తా."

ముఖం నీళ్లలో పెట్టిన గాంధిమతి అంతలోనే ఉలిక్కిపడి లేచింది. మళ్లీ పెట్టింది, మళ్లీ లేచింది.

బృంద గట్టున కూర్చుంది. "మీకు నీళ్లంటే భయం లేదు. మరి తల దించడానికి ఎందుకు భయపడతాండారు?"

గాంధిమతి మెడ వెనక తడుముకుంది. "మా అన్న పొన్నయ్య ఒకసారి బావి ఒడ్డు మీంచి దూకి నా మెడ మీద పడినాడు. నేను కిందికి చూస్తా ఉంటిని. అప్పట్నించి నీళ్లలో నా కన్ను పైనే ఉంటాది."

బృంద నవ్వలేదు. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి లేచింది. "నేను పక్కనే నడుస్తా. ఎవరినీ దూకనివ్వను. మీరు కిందికే చూడండి."

గాంధిమతి తల దించింది. అడుగున పరిచిన నీలం పలకలు, వాటి మధ్య నల్లగీత. గొట్టంలో తన ఊపిరి తనకే వినిపిస్తోంది. కాళ్లు వాటంతటవే పైకొచ్చాయి. మెడ బరువంతా నీళ్లు మోస్తున్నట్టుంది.

కొన్ని వారాలకు బృంద గొట్టం తీసేసింది. ఊపిరికి పక్కకు తిరిగినప్పుడల్లా గాంధిమతికి గట్టు మీద తనతో సమంగా నడిచే కోడలి తడి పాదాలు కనిపించేవి. ఒక శనివారం ఆగకుండా అవతలి గోడ ముట్టుకుంది.

ఆయాసం తీరాక అడిగింది: "నువ్వెప్పుడు ఈదుతావు పిల్లా? వచ్చిన కాణ్ణించి గట్టు మీదనే ఉండావు."

"మరి మీ పక్కన ఎవరుంటారు?"

"చాల్లే నీ కాపలా. గుడ్డలు మార్చుకొని దిగు."

బృంద మెట్లమీదుగా నెమ్మదిగా, తాడుకు అవతలున్న పక్క వరసలోకి దిగింది. గాంధిమతి సగం దూరం పోకముందే అవతలి గోడ తాకి తిరిగొస్తూ ఎదురైంది. నీళ్లలో కోడలి ముఖం చూసి గాంధిమతి బార వేయడం మరిచి చెయ్యూపింది. నవ్వబోయి నీళ్లు మింగింది. దగ్గుతూ, తాడు పట్టుకుని ఇంకా నవ్వుతూనే ఉంది.