అత్త నిద్ర

నాన్న జన్మలో ఒకే ఒక్క సినిమా తీశాడు. అది వారం కూడా ఆడలేదు. దాన్ని ముంచింది తన నిద్రేనని మా మేనత్త ఇన్నేళ్ళూ నమ్ముతూ వచ్చింది.

కథానాయికను పెట్టుకునే స్తోమత లేక నాన్న చెల్లెలినే నటించమన్నాడు. దుస్తులు కుట్టేదీ ఆమే. ఒకనాడు తెల్లవార్లూ కుట్టుమిషను తొక్కి, పొద్దున కిటికీ పక్క మంచం మీద ఒరిగింది. భర్త కోసం ఎదురుచూసే భార్య వేషం. కెమెరా తిరుగుతుండగానే నిజంగా నిద్రపోయింది. కర్టెను గాలికి లేస్తుంది, ఎండ ఆమె చెంప మీంచి మెడ మీదికి జారుతుంది, అంతే. ఆ నిద్ర ఎంతకీ తెమలదు.

విడుదలైన రోజు హాల్లో ఎవడో గురక పెట్టాడు. జనం పడీపడీ నవ్వారు. వీధిలో అత్తకు నిద్రమొహమని పేరు పడింది. మళ్ళీ తీయడానికి ఫిల్ము లేక అన్నయ్య దాన్నే ఉంచేశాడని ఆమె బాధ. "నీ వల్ల కాదే పిచ్చిదానా" అని నాన్న పోయేదాకా చెబుతూనే ఉన్నాడు. ఆమె దాన్ని ఓదార్పు కిందే జమకట్టేసింది. అప్పటినుంచి అత్త పగలు కళ్ళు మూయడం ఎవరూ చూడలేదు. జ్వరమొచ్చినా గోడకు ఆనుకుని కూర్చునేది.

ఇప్పుడేమో అది కళాఖండమట. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు. ఆనాడు మొహం తిప్పుకున్న పత్రికలే ఈనాడు పేజీలు నింపుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఫిల్ము సొసైటీ వాళ్ళు పాత ప్రతిని బాగుచేసి, శబ్దాన్ని శుభ్రం చేసి, మ్యాట్నీ వేస్తున్నాం రమ్మని పిలిచారు.

"నేను రానే. మళ్ళీ నవ్వుతారు," అంది అత్త.

"నవ్వితే లేచొచ్చేద్దాం. తలుపు పక్కనే కూర్చుందాంలే."

నిద్ర ఘట్టం రాగానే అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎవరూ నవ్వలేదు. వెనకటి గరగర పోయి, కర్టెను కదిలే చప్పుడు, ఎక్కడో పిట్ట కూత వినిపిస్తున్నాయి. హాలంతా ఆ మంచం పక్కనే కూర్చున్నట్టుంది. అప్పుడు కెమెరా వెనకనుంచి ఒక గుసగుస.

"లేపకండి. ఆపకు, తీస్తూనే ఉండు. నాకు కావలసింది ఇదే."

నాన్న గొంతు. శుభ్రం చేసినవాళ్ళు దాన్ని ఎందుకు వదిలేశారో తెలియదు, వాళ్ళు పదికాలాలు చల్లగా ఉండాలి.

"ఫిల్ము లేక కాదా?" అంది అత్త.

"కాదత్తా."

ఆమె చప్పుడు లేకుండా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తెర మీద పడుచు అత్త ఇంకా లేవలేదు. కాసేపటికి నా భుజం బరువెక్కింది. చూస్తే, ముసలి అత్త కూడా కళ్ళు మూసుకుని నిద్రపోతోంది. పట్టపగలు, ఇంతమందిలో.

సినిమా అయిపోయి దీపాలు వెలిగాయి. చప్పట్లు ఆగడం లేదు. నిర్వాహకుడు వంగి వంగి మా వరుసలోకి వచ్చాడు. "అమ్మగారు ఒక్కసారి వేదిక మీదికి వస్తే..."

"లేపకండి," అన్నాను.