మంచు మూల

తెల్లారీ తెల్లారకముందే అత్తగారు చీపురు భుజాన వేసుకుని లోయ ఊడవడానికి బయల్దేరేది. వెనకాలే కోడలు స్టవ్వూ, పాల క్యానూ, గాజు గ్లాసుల బుట్టా మోసుకుంటూ వెళ్లి, లోయ అంచున టీ బండి తెరిచేది. దారిలో ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. పొద్దున్నే నోరు విప్పితే రోజంతా పోట్లాటేనని ఇద్దరికీ అనుభవం.

కొండ మీది ఊరు అది. పొలాల్లేవు, ఫ్యాక్టరీల్లేవు. ఉన్నదల్లా ఆ లోయ. దాన్ని చూడ్డానికి ఎక్కడెక్కడి జనమో బస్సులెక్కి వచ్చేవాళ్లు. వాళ్లు తాగిన టీతో, ఎక్కిన జీపుతో, దిగిన ఫొటోతో, పడుకున్న గదితో ఊరికి పూట గడిచేది. ఒకటే చిక్కు. రాత్రయితే చాలు, మంచు వచ్చి లోయ నిండా బోర్లా పడుకునేది. ఎవరో ఒకరు ఊడవకపోతే మధ్యాహ్నం దాకా కదిలేది కాదు. ఆ ఊడ్చే పని అత్తగారి ఇంటివాళ్లది. ఆవిడకి వాళ్ల అత్తగారి నుంచి వచ్చింది, ఆవిడకి ఆవిడ అత్తగారి నుంచి. కోడళ్లకే తప్ప కొడుకులకి మంచు లొంగదు మరి. ఈ ఇంటి కొడుకు జీపు నడుపుకునేవాడు.

రెయిలింగు దాటి రాతి మీద నిలబడి, పొడుగు కర్రకి కట్టిన పుల్లల చీపురుతో గీరితే మంచు చాపలా చుట్టుకుంటూ వచ్చేది. మొండికేసిన చోట "ఏం, నీకు వేరే చెప్పాలా?" అని కసిరేది అత్తగారు. చుట్టిన మంచుని తోసుకుంటూ పోయి తూర్పు గుట్ట చాటున పోసేది. ఎండెక్కేసరికి అది దానంతటదే కరిగిపోయేది. మొదటి బస్సు దిగినవాళ్లు "అబ్బ, ఎంత బావుందో" అనుకుంటూ లోయకి ఫొటోలు తీసుకునేవాళ్లు. పక్కనే చెమట తుడుచుకుంటున్న ముసలావిడని కాస్త జరగమనేవాళ్లు. ఆవిడ జరిగేది.

గుట్ట చాటు జాగాకి మంచు మూల అని పేరు. ఊళ్లో ఎవరూ అక్కడ ఇల్లు కట్టుకోలేదు, ఊరికే ఇస్తామన్నా కట్టుకోరు. అక్కణ్ణుంచి లోయ బాగా కనిపిస్తుందని ఆ జాగాని ఒక హోటలువాళ్లు కొన్నారు. ఇంత మంచి జాగా ఇంత చవగ్గా ఎందుకొస్తోందని టీ బండి దగ్గర ఒక్కర్ని అడిగినా చెప్పేవాళ్లు. అడగలేదు. పెద్ద పెద్ద అద్దాల గోడలతో హోటలు లేచింది.

ఊరు సంతోషించింది, అబద్ధమెందుకు. హోటలు నిండితే వీధి నిండుతుందని అందరి ఆశా. అత్తగారైతే "పాపం కొత్తవాళ్లు, మనూరు చూడ్డానికొచ్చిన వాళ్ల కళ్లల్లో మంచు కొడతామా" అని, చుట్టిన మంచుని మూలలో పొయ్యడం మానేసి, హోటలు వెనక ఎత్తు ఎక్కించి అవతలి వైపు పోసి రావడం మొదలుపెట్టింది. ఎవరూ అడగలేదు, ఎవరూ పైసా ఇవ్వలేదు. రెండేళ్లు అలాగే మోసింది. కుడి భుజం పట్టేసింది.

హోటలుకి జనం వచ్చారు, కాదనడానికి లేదు. అద్దాలు బిగించిన కార్లలో వచ్చి, గేటు లోపలికి పోయి, అద్దాల్లోంచి లోయ చూసి, లోపలే తిని, లోపలే పడుకుని, మళ్లీ అద్దాలు బిగించుకుని పోయారు. ఎవరైనా నాలుగడుగులు వీధిలోకి వేద్దామంటే, బయట తిండి పడదు, మనుషులు మంచివాళ్లు కారు అని గేటు దగ్గరే ఆపేవాళ్లు. బస్సుల్లో వచ్చేవాళ్లు తగ్గిపోయారు. కోడలి మొగుడి జీపు దుమ్ము పట్టింది. ఫొటోలు తీసే బాబాయ్ కెమెరా మెడలో వేలాడేసుకుని బండి దగ్గర కూర్చుని పొద్దు పుచ్చేవాడు.

అలా ఉండగా ఒక రోజు ఊరి ఆఫీసరు మీటింగు పెట్టాడు. పక్కన హోటలు మేనేజరు కూడా కూర్చున్నాడు. పర్యాటకం అంటే ఏమిటో, దానివల్ల ఎంత ఆదాయమో, ఎన్ని ఉద్యోగాలో ఆఫీసరు చాలాసేపు చెప్పాడు. "ఒక్క అతిథి ఖర్చు పెట్టిన డబ్బు పది చేతులు మారుతుందమ్మా. పాలవాడికి, డ్రైవరుకి, బట్టలుతికేవాళ్లకి, అందరికీ అందుతుంది" అన్నాడు. బాగానే చెప్పాడు. అందరూ తలలూపారు. అప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు. వచ్చే నెల నుంచి లోయ అంచు హోటలువాళ్ల తోట. బండ్లన్నీ తీసేసి బస్టాండు వెనక్కి పోవాలి.

బస్టాండు వెనక బస్సులు కడుగుతారు. మనుషులు నడవరు.

కోడలు లేచి నిలబడింది. "పది చేతులన్నారు కదా సార్. ఈ బెంచీల మీద కూర్చున్నవి ఆ చేతులే. వీటిలో ఏవి నరుకుదామనుకుంటున్నారో చెప్పండి."

"అదేం మాటమ్మా. హోటలు బాగుంటే ఊరు బాగుపడుతుంది" అన్నాడు మేనేజరు.

"రెండేళ్లయింది బాబూ. ఇంకా ఎప్పుడు?"

ఆయన వాచీ చూసుకున్నాడు. ఆఫీసరు కాయితాలు సర్దుకున్నాడు. మీటింగు అయిపోయింది.

కోడలు ఇంటికొచ్చేసరికి అత్తగారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కోడలు నీళ్లు కాచి, వేడి గుడ్డ పిండి ఆవిడ భుజం మీద వేసింది. కోపంతో ఒళ్లు మండిపోతోంది కోడలికి.

"ఏరు దాటి తెప్ప తగలేసే రకం అత్తయ్యా వాళ్లు. మీరేమో వాళ్లకోసం చెయ్యి పోగొట్టుకున్నారు. రేపు కూడా మోస్తారా?"

"చెయ్యి లేవడంలేదే అమ్మాయ్. రేపు నేను వెళ్లలేను."

"అయితే లోయ?"

అత్తగారు చీపురు వైపు చూసింది. కోడలు తల అడ్డంగా ఊపింది. కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి ఆ చీపురు పట్టింది. మంచు ఇసుమంత కదల్లేదు సరికదా, ఎగిరొచ్చి నెత్తిమీద కూర్చుంది. వీధి వీధంతా నవ్వింది. ఆ రోజే ఒట్టు పెట్టుకుంది, మళ్లీ దాని జోలికి పోనని. టీ బండి పెట్టుకుంది కూడా అందుకే.

"అది నా మాట వినదు అత్తయ్యా."

"ఆవేళ నువ్వు దాన్ని బతిమాలావు. జరగమ్మా, కాస్త జరగమ్మా అని. మెత్తగా ఉంటే మొత్తబుద్ధవుతుంది ఎవరికైనా. మంచుకీ అంతే, మనుషులకీ అంతే. ఇప్పుడున్న కోపంతో వెళ్లి చూడు."

"సరే, ఊడుస్తాను. కానీ ఆ ఎత్తు మీదికి మాత్రం మొయ్యను. చచ్చినా మొయ్యను."

"మొయ్యమని నిన్నెవరన్నారు? మంచు మూల ఎక్కడుందో తెలుసుగా. మా అత్తగారు నాకు చూపించింది అదే" అంది ముసలావిడ, కళ్లు మూసుకుని.

మర్నాడు కోడలు టీ బండిని మొగుడికి అప్పజెప్పి రాతి మీదికెక్కింది. మంచు ఎప్పట్లాగే బోర్లా పడుకుని ఉంది. "లే" అంది కోడలు. ఒకే ఒక్క మాట. చీపురు వేసి ఒక్క గీరు గీరేసరికి, అంచు దగ్గర మడత లేచింది. ఆ తర్వాత మరి ఆగలేదు. మీటింగులో మింగేసిన మాటలన్నీ అంటూ ఊడ్చి, చుట్టిందంతా మంచు మూలలో పోసింది. సూర్యుడు పైకొచ్చేసరికి లోయ అద్దంలా ఉంది. అటు మంచు మూలలో హోటలుంటుందన్న సంగతి తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

రెండేళ్ల ఆకలి మీదుందేమో, మంచు ఆ మూలని తొందరగా వదల్లేదు. ఎండెక్కినా పోలేదు. మర్నాడు కొత్త మంచు వచ్చి దానిమీద పడింది. అద్దాల గోడలకి అవతల తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడక, లోయ చూడ్డానికొచ్చిన జనం భోజనాల గదిలో ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటూ కూర్చున్నారు. మూడో పూటకి విసుగెత్తి, చేతులు చాపుకుని తడుముకుంటూ గేటు దాటి వీధిలోకి వచ్చేశారు. వీధిలో ఎండ కాస్తోంది. టీ బండి దగ్గర పాలు పొంగుతున్నాయి. ఫొటో బాబాయ్ లేచి చొక్కా సర్దుకున్నాడు. జీపు మీది దుమ్ము ఎవరు దులిపారో గానీ, మధ్యాహ్నానికి అది మూడుసార్లు కొండ దిగి ఎక్కింది.

నాలుగో రోజు మేనేజరే వచ్చాడు. జుట్టంతా తడిసి నుదుటికి అంటుకుపోయింది. బెంచీ మీద కూర్చుని టీ అడిగాడు. కోడలు ఇచ్చింది. అతిథికి టీ ఇవ్వనని ఆమె ఏనాడూ అనలేదు.

"పొమ్మనలేక పొగపెడుతున్నారా?" అన్నాడు.

"మేం పెట్టలేదు బాబూ. దాని చోట అది పడుకుంది. మధ్యలో మీరే వచ్చారు."

"ఇదివరకు ఇలా లేదే."

"ఇదివరకు మా అత్తయ్య భుజం మీద ఉండేది. మీకెవరూ చెప్పలేదు, మీరూ అడగలేదు."

ఆయన గ్లాసు ఖాళీ చేసి బెంచీ మీద పెట్టాడు. "జీతం ఇస్తాం. పెద్దావిడ వైద్యం కూడా చేయిస్తాం. ఎప్పుడు తీస్తారో చెప్పండి."

"మోసినందుకు జీతం ఎలాగూ ఇస్తారు. వైద్యం ఎలాగూ చేయిస్తారు. అవి కాదు నేనడిగేది. అంచు మీద బండ్లుంటాయి. మీ గేటు తీసే ఉంటుంది. గేటు తీసిన రోజు మంచు తీస్తాను."

"పైవాళ్లని అడగాలి."

"అడగండి. మాకేం తొందర లేదు, ఎండలోనే ఉన్నాం."

పైవాళ్లు ఏమన్నారో ఊరికి తెలీదు. మర్నాడు గేటు తీసి ఉంది. ఆ మర్నాడు చూస్తే గేటే లేదు, దాన్ని ఊడబెరికి గోడకి ఆనించారు. తోట మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆఫీసరు మాత్రం ఇంకో మీటింగు పెట్టి, పర్యాటకం అంటే ఏమిటో మళ్లీ మొదట్నుంచీ చెప్పాడు. ఈసారి బండ్లవాళ్లెవరూ వెళ్లలేదు, బేరాలున్నాయి మరి.

కోడలు మాట తప్పలేదు. రోజూ తెల్లారకముందే ఊడ్చి, చుట్టి, ఎత్తు ఎక్కించి అవతల పోసి వస్తుంది. ఆమె వెనకాలే అత్తగారు స్టవ్వు వెలిగించి టీ బండి తెరుస్తుంది. ఎడమచేత్తో గ్లాసు అందిస్తూ, "చూశారా, మా కోడలు ఊడ్చిందే అదంతా" అని వచ్చిన ప్రతివాళ్లకీ లోయ చూపిస్తుంది. వాళ్లిప్పుడు లోయతోపాటు కోడలికి కూడా ఒక ఫొటో తీసుకుంటున్నారు.

మేనేజరు గది కిటికీ దగ్గర మాత్రం రోజూ చాటెడు మంచు మిగిలిపోతూనే ఉంటుంది. ఆయన ఒకట్రెండు సార్లు అడిగి చూశాడు.

"అది అక్కడే ఉంటుంది సార్" అంది కోడలు. అక్కడే ఉంది.