మిగిలిపోయిన బేరింగు

ట్రైలరు చక్రాలు నాలుగూ మేస్త్రి ఇంటి గోడకు ఆనుకుని ఉన్నాయి. మేస్త్రి చక్రాన్ని మోసే నాలుగో హబ్బును మోకాళ్ళ మధ్య పెట్టుకుని, గ్రీజు కూరిన బేరింగును లోపల దించాడు. దాని మీద కొత్త సీలు పెట్టి, చెక్కముక్క ఆనించి, సుత్తితో తట్టబోయాడు. గ్రీజు వెనక్కి కారి బ్రేకుల మీద పడకుండా ఆపేది ఆ రబ్బరు సీలే.

“దారిలో మళ్ళీ విప్పాల్సి రాదు కదా మేస్త్రీ?” అన్నాడు డ్రైవరు.

సుత్తి ఆగింది.

“ఇరవై రెండేళ్ళయింది. నేను బిగించిన హబ్బు నేను మళ్ళీ విప్పలేదు. విప్పిన రోజున ఈ మీసం ఉండదు!” అంటూ గ్రీజు చేత్తోనే మీసం మెలేశాడు. అది ఒకవైపు నిక్కబొడుచుకుంది. ఆ ఊపులోనే సీలు తీసి, మళ్ళీ పెట్టి, నాలుగు దెబ్బలు కొట్టాడు.

మధ్యాహ్నానికి చక్రాలన్నీ ఎక్కాయి. డ్రైవరు చేతి మరకలు వదిలించుకోవడానికి కిరసనాయిలు పళ్ళెం దగ్గరికెళ్ళి, అక్కడే నిలబడిపోయాడు. పళ్ళెంలో ఒక బేరింగు మెరిసిపోతోంది.

“ఇదేంటి మేస్త్రీ?”

మేస్త్రి వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. హబ్బుకు రెండు చొప్పున మొత్తం ఎనిమిది. ఎనిమిదీ తన చేత్తోనే వేశాడు.

“పాతదేదో అయ్యుంటుంది.”

“పళ్ళెంలో పిల్లల్ని పెట్టిందా?”

“బేరింగు లేకపోతే చక్రం లొడలొడలాడదూ? ఊపి చూడు. కదులుతోందా?”

“ఇక్కడ కదలదు. వంతెన మీద నాకంటే ముందు వెళ్ళిపోతుంది. విప్పు.”

మేస్త్రి చెయ్యి మీసం మీదికి పోయింది.

“విప్పితే...”

“మీసం మళ్ళీ మొలుస్తుంది. నేను మొలవను.”

విప్పాడు. మొదటి హబ్బులో రెండూ ఉన్నాయి. రెండోదానిలోనూ, మూడోదానిలోనూ అంతే. డ్రైవరు ముఖం చిన్నబోయింది.

“పోనీలే, నాలుగోది వదిలేద్దాం.”

“మీసమే పోయాక ఇంకేం మిగిలింది!” అని మేస్త్రి దాన్నీ లాగేశాడు.

బేరింగులు రెండూ ఉన్నాయి. కానీ సీలు తిరగబడి ఉంది. లోపలికి ఉండాల్సిన అంచు బయటికి చూస్తోంది. అలాగే వెళ్ళుంటే గ్రీజంతా బ్రేకుల మీదికి కారేది.

అప్పుడే మేస్త్రి అత్తగారు వంటింట్లోంచి తొంగిచూసింది.

“అల్లుడుగారూ, నా గిన్నె కింద పెట్టుకునే చక్రం నానిందా? మసి పట్టిందని పొద్దున మీ కిరసనాయిల్లో పడేశాను.”

మేస్త్రి పళ్ళెంలోని బేరింగును తిప్పి చూశాడు. రోలర్ల నిండా గుంటలు. మూడేళ్ళ కిందట తనే పారేసిన బేరింగు అది.

డ్రైవరు నవ్వు ఆపుకోలేక టైరు మీద కూలబడ్డాడు. “అమ్మా, నా ప్రాణం కాపాడావు!”

“మసి సంగతే నాకు తెలుసు నాయనా.”

మేస్త్రి ఇంకో కొత్త సీలు తెచ్చాడు. ఈసారి నోరు మూసుకుని బిగించాడు. ట్రైలరు వెళ్ళిపోగానే చెప్పులేసుకున్నాడు.

“ఎక్కడికండీ?” అంది అత్తగారు.

“మంగలి దగ్గరికి.”

“బేరింగు నాదే కదా, తప్పు సగమే మీది. సగం తీయించుకోండి చాలు.”

గంట తర్వాత మేస్త్రి పైపెదవికి చెయ్యి అడ్డం పెట్టుకుని తలుపు తట్టాడు. భార్య తలుపు తీసి, ఆ చెయ్యి పక్కకు జరిగేదాకా ఆగి, కొంగు సర్దుకుంది.

“మేస్త్రిగారు బయటికెళ్ళారండీ,” అంది. “ఏమైనా చెప్పమంటారా?”