గడియ వేసిన చెవి

ముప్పై ఏళ్లుగా బడి పిల్లల చార్టులకు గుండెలూ ఊపిరితిత్తులూ గీసిన చేయి అది. ఒక్క నరం కూడా ఏనాడూ దారి తప్పలేదు. ఇప్పుడు ఆ చేతితోనే చార్టుల మాస్టారికి పెద్ద చిక్కొచ్చిపడింది.

శనివారంలోగా ఒక బొమ్మ తెచ్చిస్తే కలల్లాంటి వింత బొమ్మల సర్రియలిజం ప్రదర్శనలో చోటిస్తానంది గ్యాలరీ నడిపే ఆవిడ. తన పేరుతో గోడకెక్కే మొదటి బొమ్మ! చార్టుల మీద ఆయన పేరు ఎవరు వేశారు గనక? రెక్కల చేపలూ, కిటికీలున్న మేఘాలూ గీసి ఉత్సాహంగా పట్టుకెళ్లాడు. "ఇవన్నీ పుస్తకాల్లోవి కదండీ. మీ లోపల్నుంచి వచ్చింది తెండి," అని ఆవిడ మర్యాదగానే తిప్పి పంపింది.

లోపల్నుంచట! అదేమన్నా పెట్టెలో బట్టలా, తీసివ్వడానికి? బుద్ధిని పక్కనపెట్టి చేతిని దాని మానాన వదిలేయాలని సర్రియలిజం పుస్తకంలో ఉంది. సరే, బుధవారం కళ్లకు తువ్వాలు కట్టుకుని మరీ వదిలాడు. విప్పి చూస్తే మూత్రపిండం. పక్కన పేర్లు రాయడానికి గీతలు కూడా సిద్ధం. ఎడమచేత్తో గీస్తే కొంచెం వంకర మూత్రపిండం. ఒళ్లు మండిపోయి కాగితం చింపేశాడు.

"ఏమండీ, భోజనం చల్లారిపోతోంది," భార్య మూడోసారి పిలిచింది.

"కాస్త ప్రశాంతంగా ఉండనిస్తావా!" అని తలుపేసి గడియ పెట్టుకున్నాడు. ప్రెస్సుకు ఇవ్వాల్సిన చెవి చార్టును ఆ కోపంలోనే గబగబా పూర్తిచేసి పంపేశాడు.

శుక్రవారం పొద్దున్నే ప్రెస్సు గుమాస్తా ఆ చార్టుతో ఊడిపడ్డాడు. "ఏంటి మాస్టారూ ఇది? చెవిలో తలుపేంటి?"

నిజమే. కర్ణభేరి ఉండాల్సిన చోట చిన్న చెక్క తలుపు. లోపలివైపు గడియ కూడా వేసి ఉంది. ఎప్పుడు గీశాడో మాస్టారికి బొత్తిగా గుర్తులేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. గుమాస్తాను అక్కడే నిలబెట్టి, తలుపు మీద తెల్లరంగు పూసి, ఆరాక శుభ్రంగా కర్ణభేరి గీసిచ్చాడు. అతను వెళ్లాక హమ్మయ్య అనుకుని మళ్లీ ఖాళీ కాన్వాసు ముందు కూలబడ్డాడు.

భార్య మంచినీళ్లు పట్టుకొచ్చింది. "ఆ తలుపు బొమ్మ ఏదండీ? గుమాస్తా రాగానే అతని చేతిలో చూశాను. రేపు తీసుకెళ్లేది అదేగా?"

"నీకేమన్నా మతిపోయిందా? అది తప్పు. దిద్దేశాను."

"తప్పా? ఈ గది తలుపే కదండీ అది! కింద ఊడిన చెక్కతో సహా. ఇన్నేళ్లూ నేను పిలిచింది దాని బయట నిలబడే. మీకు తెలీదనుకున్నాను. బొమ్మ చూశాక, పోన్లే, తెలుసన్నమాట అనుకున్నా."

మాస్టారు వంగి తలుపు కింద ఊడిన చెక్కను చూశాడు.

ఆ రోజంతా ఆ బొమ్మనే మళ్లీ మళ్లీ గీశాడు. చెవీ వచ్చింది, తలుపూ వచ్చింది. ఎన్నిసార్లు గీసినా వడ్రంగి కొలిచి చేసినట్టు అన్ని మూలలూ సరిగ్గా కుదిరాయి. ఊడిన చెక్క కూడా ఎవరో పనిగట్టుకుని ఊడదీసినట్టే ఉంది. కసికొద్దీ కుంచెను గోడకేసి కొట్టాడు.

సాయంత్రం గ్యాలరీ ఆవిడ ఫోన్ చేసింది. "బొమ్మ వచ్చిందాండీ?"

"వచ్చిందండీ," అన్నాడు మాస్టారు. "తప్పనుకుని నేనే దిద్దేశాను."