వెనక్కి తిరిగే ప్లేటు

మధ్యాహ్నం ఊరంతా అన్నాలు తిని నడుం వాల్చే వేళకి హేమ గ్రామఫోను ప్లేటు తిప్పడం మొదలుపెడుతుంది. ఆ చప్పుడు వినగానే వీధిలో సైకిలు తొక్కేవాళ్ళు దిగి నడిపించుకుపోతారు. హేమ రికార్డుని వెనక్కి లాగిందంటే సైకిలు చక్రమూ వెనక్కే తిరుగుతుంది మరి. బావి గిలక తిరగబడి బిందె మళ్ళీ నీళ్ళలో మునుగుతుంది. తవిటమ్మ కుట్టుమిషను మీద కుట్టిన కుట్లన్నీ ఊడొస్తాయి.

"ఓలమ్మ! ఈ జాకెట్టు సెయ్యి పూర్తవనీవే, అప్పుడు గీరుకో!" అని తవిటమ్మ గోడ మీంచి కేకేస్తుంది. అంతకుమించి ఎవరూ పట్టించుకోరు. వినబడినంత మేరా తిరిగేవన్నీ ఆ పిల్ల చేతితో పాటు తిరుగుతాయి, అంతే.

సైకిలు దిగనివాడు ఊరు మొత్తానికి ఒక్కడే, హేమ తండ్రి అప్పలసూరి. ఉద్దానంలో సగం పెళ్ళిళ్ళకి మైకుసెట్టు ఆయనదే. పాట మధ్యలో ముల్లు గీరుకుంటే పెళ్ళివారి ముందు తల కొట్టేసినట్టయ్యేది ఆయనకి. అలాంటిది కన్నకూతురు కావాలని గీరుతోంది! దానికి తోడు మేనల్లుడు కృష్ణచైతన్య, గిటారు తీగల కింద జీడిగింజలు దోపి సీసాతో రాస్తాడు. ఏం వాయిస్తారో ముందు వాళ్ళకీ తెలీదు. ఒకరిది ఒకరు వింటూ అప్పటికప్పుడు పుట్టించాలిట.

"రాగం నేదు, తాళం నేదు. రేకుల షెడ్డు మీద కోతులు దూకినట్టు ఏటర్రా ఇది!" అంటూ అప్పలసూరి పంతానికి తొక్కుతూనే పోయేవాడు. ఓసారి వెనక్కి వెనక్కి వెళ్ళి కాలవలో పడ్డాడు. లేచి మళ్ళీ ఎక్కాడు గానీ నడిచాడా, అబ్బే.

తర్వాత ఆయన కిడ్నీలు పాడయ్యాయి. పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకోవడం మొదలైంది. మొదటిరోజే మిషను మీద ఓ చిన్న చక్రం తిరుగుతూ తన రక్తాన్ని గొట్టంలో తోస్తుండడం చూశాడు. ఇంటికొచ్చి హేమని పిలిచాడు.

"నా తల మీద సెయ్యేసి ఒట్టెయ్. ఆ సెంటర్ దరిదాపుల్లో ప్లేటు ముట్టుకోనని."

వేసింది.

అలాంటిది ఓ రోజు సామానంతా వెంట ఉంది. సాయంత్రం పలాసలో బావా మరదళ్ళ మొదటి ప్రోగ్రాం. తండ్రిని సెంటర్లో దింపి, సామానున్న ఆటోని బయటే పెట్టి ఇద్దరూ లోపల కూర్చున్నారు. అప్పలసూరితో కలిపి లోపల నలుగురు మంచాల మీద ఉన్నారు. నర్సు వాణి ఒక్కతే డ్యూటీలో ఉంది.

గాలివాన ఎక్కణ్ణించి వచ్చిందో, ఒక్క ఊపులో కరెంటు తీసేసింది. జనరేటరు రెండుసార్లు దగ్గి చచ్చింది. మిషన్లు కుయ్‌కుయ్‌మంటూ సొంత బ్యాటరీల మీద నడుస్తున్నాయి, అదీ కాసేపే. చక్రాన్ని చేత్తో తిప్పే పిడి చూస్తే ఒక్కటే పనికొచ్చేలా ఉంది.

"గొట్టాల్లో రగతం ఆగితే గడ్డ కట్టీతాది. అందరికీ సెలైను పెట్టి దాన్ని ఒంట్లోకి తోసీయాల. అందాకా ఏ చక్రమూ ఆగకూడదు," అంది వాణి.

అంటుండగానే అప్పలసూరి మిషను ఆగిపోయింది.

హేమ తండ్రి వంక చూసింది. ఆయనకి అర్థమైపోయింది.

"ఒద్దమ్మా. నీకు తెలీకుండానే నీ సెయ్యి ఎనక్కి పోతాది."

నిజమే. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల ఏ రికార్డునీ తిన్నగా చివరిదాకా పోనిచ్చింది లేదు.

వాణిదీ ఉద్దానమే, హేమ ప్లేటు సంగతి ఎరిగినదే. "ఏటలా సూత్తన్నావు? బేగి తే!" అని కసిరింది.

కృష్ణచైతన్య వానలో పరిగెత్తి ప్లేటు, బాకా, మైకుసెట్టు బ్యాటరీ, తన గిటారు మోసుకొచ్చాడు. హేమ రికార్డు అంచు మీద వేళ్ళు ఆనించి తిప్పింది. నాలుగు మిషన్ల మీదా చక్రాలు కదిలాయి.

"నేనేటి వాయించాల?"

"ఒకటే దెబ్బ. సచ్చినా మార్చకు బావా. నా సెయ్యి జారకుండా నువ్వే పట్టుకోవాల."

వాయించిందే మళ్ళీ వాయించడమంటే చిరాకుపడే మనిషి, ఒకే తీగని ఒకేలా మీటుతూ కూర్చున్నాడు. వాణి మంచం తర్వాత మంచం దగ్గర రక్తం పంపించి, గొట్టాలకి క్లిప్పు వేసుకొస్తోంది. హేమ మణికట్టు కొయ్యబారింది. వెనక్కి లాగాలని వేళ్ళు తహతహలాడుతున్నాయి. భయంతో ఏడుపొస్తోంది. ఏడిస్తే చెయ్యి అదురుతుంది, ఏడవకూడదు.

ఇక అప్పలసూరి ఒక్కడే మిగిలాడు. వాణి మూడో గొట్టానికి క్లిప్పు వేసి ఇంకా ఆ మంచం దగ్గరే ఉంది. ఆయన తల మీద సెలైను సీసా ఖాళీ అయిపోయిన సంగతి ఎవరూ చూడలేదు. గొట్టంలోకి గాలి చొరబడింది. పొడుగాటి తెల్లటి బుడగ ఆయన చేతివైపు జారుతోంది. అది ఒంట్లోకి వెళితే మనిషి దక్కడు.

"గాలి! ఆపు, ఆపు!" అని వాణి అరిచింది.

హేమ ఆపింది. ఊపు మీదున్న బుడగ ఆగలేదు. సూదికి బెత్తెడు దూరంలో ఉండి ఇంకా జారుతూనే ఉంది.

అప్పుడు అప్పలసూరి, పెళ్ళిపందిళ్ళలో మైకు లేకుండానే పిలవగల గొంతుతో అరిచాడు.

"ఎనక్కి లాగెహే!"

గర్ర్‌ర్...

బుడగ గిరుక్కున వెనక్కి పోయింది. వాణి వచ్చిపడి గొట్టానికి క్లిప్పు వేసింది. బయట వానలో ఎవడో సైకిలువాడు తిట్టుకోవడం వినబడింది. హేమ ప్లేటు పక్కనే కూలబడి ఏడ్చింది. తండ్రి చేయి చాపాడు గానీ ఆ మంచానికీ ఆమెకీ మధ్య దూరం ఎక్కువై అందలేదు.

ప్రోగ్రాం ఆ వానకే పోయింది. మరో రోజు పెట్టుకున్నారు, దానికోసం మధ్యాహ్నాల వాయింపు మళ్ళీ మొదలైంది.

అప్పలసూరి మందులకని సైకిలు మీద బయల్దేరాడు. తవిటమ్మ ఇంటి దగ్గరికి వచ్చేసరికి గిటారు మొదలైంది, వెనకే ప్లేటు. ఆయన సైకిలు దిగాడు.

"ఏటన్నా, దిగీసినావు?" అంది తవిటమ్మ, మిషను మీంచి చేతులు తీసి.

"పిల్ల లాగుతాదే ఇప్పుడు. లాగనీ."

లాగింది. చక్రం వెనక్కి తిరిగింది. హ్యాండిలు పట్టుకుని, దాంతో పాటే ఆయనా వెనక్కి నడిచాడు.