ఎక్కడికని అడగలేదు

వియన్నా పట్టణంలో ఒక క్లబ్బు ఉంది. అక్కడికి బతుకుదెరువుకు వచ్చి ఉండిపోయిన ఇంగ్లీషువాళ్లూ, ఆ దేశపు ఆస్ట్రియావాళ్లూ కలిసి పెట్టుకున్న స్నేహ సంఘం. ఒకప్పుడు వీళ్ల తండ్రులూ వాళ్ల తండ్రులూ ఎదురెదురుగా తుపాకులు ఎత్తినవాళ్లే. ఆ పగ కడుక్కోవడానికి వారానికోసారి కూర్చుని, ఒకరి టీని మరొకరు, ఒకరి కాఫీని మరొకరు వెక్కిరించుకుంటూ ముసలివాళ్లయ్యారు. ఏడాదికోసారి అందరూ కలిసి ఏదో ఒక దేశం చూసి వస్తారు. ఈసారి వికారాబాద్ వచ్చారు. ఎందుకయ్యా అంటే, వాళ్ల క్లబ్బు హాలులో కొత్తగా పరిచిన నాపరాయి తాండూరుదట. రోజూ కాలు పెట్టే రాయి ఏ నేలలో పుట్టిందో చూడాలని ముచ్చటపడ్డారు. ముసలితనంలో ముచ్చట్లకు హద్దేముంది.

వాళ్లు దిగిన గెస్ట్‌హౌస్ అనంతగిరి గుట్ట దారిలో ఉంది. దాన్ని చూసుకునేది రెబెక్క. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఇంగ్లీషు వచ్చు, వంట వచ్చు, ఎవరి మాత్ర ఏ పూటో మరిచిపోదు. వచ్చినవాళ్లలో ఇద్దరు ఆమెకు బాగా దగ్గరయ్యారు. ఒకాయన యోహాన్, ఎనభై దాటిన ఆస్ట్రియా ముసలాయన, చక్కెర జబ్బు మనిషి. పేరు తన బైబిల్లో ఉన్న పేరే కాబట్టి మొదటి రోజునుంచే రెబెక్కకు చుట్టంలా అనిపించాడు. రెండో ఆవిడ మార్గరెట్, ఇంగ్లీషావిడ. క్లబ్బు లెక్క ప్రకారం యోహాన్‌కు జోడి.

ఈ జోడి సంగతి చెప్పాలి. ఆ క్లబ్బుకు ఒక కట్టుబాటు ఉంది. ఊరు దాటితే ఒక్కో ఇంగ్లీషు మనిషికి ఒక ఆస్ట్రియా మనిషి తోడు. ఇద్దరిలో ఒకరు లేచి కదిలితే రెండోవారు "ఎక్కడికి?" అని అడిగి తీరాలి. కావాలంటే వెంట వెళ్లాలి. వెనకటికెప్పుడో మంచుకొండల్లో ఒకాయన గుడిసెలోంచి బయటికి నడిస్తే, అడగడం మర్యాద కాదేమోనని అందరూ ఊరుకున్నారట. ఆయన మళ్లీ దొరకలేదు. అప్పటినుంచీ ఈ నియమం.

రెబెక్క ఇది విని నవ్వి ఊరుకుంది గానీ లోపల కలుక్కుమంది. మన దగ్గర సంగతి దీనికి తలకిందులు. చెప్పులు తొడుక్కున్న మనిషిని ఎక్కడికని అడగరాదు. అడిగితే పోయిన పని కాదు. నోరు జారి అడిగారా, ఆ మనిషి వెనక్కి వచ్చి కూర్చుని, గుక్కెడు నీళ్లు తాగి మళ్లీ బయలుదేరాలి. రెబెక్క వారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. ఇవన్నీ ఉత్త నమ్మకాలని పాస్టరు గారు చెబితే తలూపిన మనిషి. అయినా ఏళ్లుగా ఎవర్నీ ఆ మాట అడగలేదు. గెస్ట్‌హౌస్ తోటమాలిని కూడా అడగదు.

చివరిసారి అడిగింది భర్తను. ప్రేమ్‌సాగర్ బండి స్టార్ట్ చేశాక వెనకనుంచి, "యాడికి పోతున్నవ్?" అంది. ఆయన నవ్వి, "దోమకు పోతున్న, మాపటికల్ల వస్త," అని పరిగి అవతలి ఊరి పేరు చెప్పి, అత్త చంద్రవ్వ కసురుకుంటే దిగి వచ్చి, అరుగు మీద కూర్చుని నీళ్లు తాగి పోయాడు. ఆ సాయంత్రమే ఏదో లారీ కొట్టి వెళ్లిపోయింది. మట్టి వేసిన రోజున చంద్రవ్వ అందరి ముందూ అన్నది: "నువ్వు అడగకుంటే నా కొడుకు గా లారీకంటె ముందుగాల్నె దాటిపోతుండె." ఆ ముసలమ్మ కూడా పోయింది గానీ ఆ మాట పోలేదు.

సరే, రెబెక్కను వెంటబెట్టుకుని వ్యానులో తాండూరు వెళ్లారు. బషీరాబాద్ దారిలో చెన్నయ్య అనే ఆయన గని. నేల పుస్తకంలా పొరలు పొరలుగా తెరుచుకుని ఉంది. కోత మిషన్లు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. మేస్త్రీ శంకరప్ప ఒక బండను సుత్తితో కొట్టి చూపించాడు. ఖంగుమంటే మంచి బండ, బొదబొదమంటే లోపల పగులు. యోహాన్ చిన్నపిల్లాడైపోయాడు. సుత్తి అడిగి తీసుకుని, కనబడిన బండనల్లా కొట్టి, చెవి ఒగ్గి వింటూ తిరిగాడు.

"తాతను పాత గుంతల దిక్కు పోనీయకు చెల్లె," అన్నాడు శంకరప్ప. "రాయి తీసినంక ఇడిసిపెట్టినయి. నిండ నీళ్లున్నయి. అంచులు లూజుగుంటయి."

రేకుల షెడ్డు కింద జొన్నరొట్టె, కందిపప్పుతో భోజనాలయ్యాయి. మార్గరెట్‌కు కళ్లు మూతలు పడుతున్నాయి. వ్యాను ఎక్కుతూ రెబెక్క చెయ్యి పట్టుకుంది. "కాసేపు పడుకుంటాను. యోహాన్ లేస్తే ఎక్కడికని అడుగు. నాకు బదులు నువ్వే జోడి."

"అలాగే," అంది రెబెక్క. అనకుండా ఉండాల్సింది.

కాసేపటికి యోహాన్ లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. సుత్తి చేతిలోనే ఉంది. రెండడుగులు వేసి ఆగి, రెబెక్క వైపు చూశాడు. మాట ఆమె నోటిదాకా వచ్చింది. నాలుక చివర ఉంది. అప్పుడే కళ్ల ముందు ఒక బండి, వెనక్కి తిరిగిన ఒక నవ్వు మొహం కనబడ్డాయి. మాట మింగేసింది. యోహాన్ చెయ్యి ఊపి బండల గుట్టల మధ్యకి నడిచాడు. దగ్గర్లోనే తిరుగుతాడులే అనుకుంది. వెంట పోదామని లేచింది కూడా. లేస్తే ఎంగిలి ప్లేట్లు కనబడ్డాయి. పని కనబడితే ఆ కాళ్లు ఇంకెటూ పోవు కదా.

మార్గరెట్ నిద్ర లేచి వచ్చేసరికి ఎండ పసుపురంగు తిరిగింది.

"యోహాన్ ఏడి?"

"అలా నడవడానికి వెళ్లారు."

"ఎక్కడికి?"

రెబెక్క చేతిలోని గిన్నె కింద పెట్టింది. "అడగలేదు," అంది.

మార్గరెట్‌కు అర్థం కాలేదు. "చూశావా, చూడలేదా?"

"చూశాను. అడగలేదు."

"ఒక్క మాట. ఒక్క మాట అడగమన్నాను నిన్ను."

రెబెక్క దగ్గరున్న జవాబు ఇంగ్లీషులో చెప్పినా తెలుగులో చెప్పినా ఆవిడకు ఎక్కేది కాదు. నర్సు బుర్ర ఊరికే ఉంటుందా, లెక్కలు కట్టింది: అన్నానికి ముందు ఇన్సులిన్ తీసుకున్నాడు, రొట్టె సగం కూడా తినలేదు, ఎండలో నడుస్తున్నాడు. ముందు చెమటలు, తర్వాత వణుకు, తర్వాత మత్తు. మత్తులో ఉన్న మనిషి పక్కన లూజు అంచుల గుంతలు. తెలియనివాళ్లకు భయం ఒక్కటే ఉంటుంది. తెలిసినవాళ్లకు వరుసలో వస్తుంది.

అందరూ తలో దిక్కూ పరుగెత్తారు. చెన్నయ్య కూలీలను పంపాడు. "యోహాన్" అని ఒకరు, "తాతా" అని ఒకరు. మిషన్ల మోతలో ఎవరి కేక ఎవరికీ అందడం లేదు. రెబెక్క బండల గుట్టల మధ్య అడ్డదిడ్డంగా పరుగెత్తింది. ప్రతి గుట్టా ఒకలాగే ఉంది. ఎటు పోయాడో తెలిస్తే కదా. ఆ ఒక్క ముక్కా తెలిస్తే అటు పరుగెత్తేది. తెలియకపోతే భూమంతా వెతకాలి.

పాత గుంతల దగ్గర శంకరప్ప ఆగిపోయి నిలబడి ఉన్నాడు. ఆమె దగ్గరకు వెళ్లింది. కింద నీళ్లు పచ్చగా, కదలకుండా ఉన్నాయి. నీళ్ల మీద టోపీ తేలుతోంది.

రెబెక్క కూలబడింది. ప్రార్థన చేద్దామంటే మాటలు దొరకలేదు. "ప్రభువా, నా నోరు కోసెయ్, ఆయన్ని ఇచ్చెయ్," అన్నది ఒక్కటే, మళ్లీ మళ్లీ. అడిగి ఒకరిని చంపుకుంది. అడగక ఇంకొకరిని చంపింది. మరి ఈ నోటిని ఏం చెయ్యాలి?

శంకరప్ప పొడుగు కర్ర తెప్పించి నీళ్లలో దేవులాడాడు. కర్ర మునిగినంతా మునిగి ఒట్టిదే పైకి వచ్చింది. మార్గరెట్ అంచుకు దూరంగా నిలబడి టోపీని చూస్తోంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

"ఆయన చేతిల సుత్తె ఉండె గద," అన్నాడు శంకరప్ప కర్రను ఇంకో చోట దించుతూ, తనలో తాను అనుకుంటున్నట్టు.

రెబెక్క తలెత్తింది. సుత్తి. బండ కనబడితే కొట్టకుండా ఉండలేని ముసలాయన. "చెన్నయ్యన్నా," అని అరిచింది. "జర మిషన్లు బంద్ చేపియ్యి. అన్నీ."

ఒక్కొక్కటే ఆగాయి. చివరి మిషను ఆగాక వచ్చిన నిశ్శబ్దం మోతకంటే భయంగా ఉంది. ఏమీ లేదు. దూరంగా రోడ్డు మీద బస్సు పోయిన చప్పుడు. మళ్లీ ఏమీ లేదు. రెబెక్క కళ్లు మూసుకుంది.

టక్.

చాలాసేపటికి ఇంకోసారి. టక్.

నీళ్ల గుంతలోంచి కాదు. దాని పక్కన, బండల పోగుకు అవతల, నీళ్లు లేని ఇంకో గుంత ఉంది. సగం లోతులో ఒక మెట్టులాంటి బండ మీద యోహాన్ ఒరిగి ఉన్నాడు. అంచు జారి పడ్డాడు. గాలి టోపీని ఎత్తుకుపోయి పక్క నీళ్లలో పడేసింది. ఒళ్లంతా చెమట, కళ్లు ఎటో ఉన్నాయి. చెయ్యి మాత్రం సుత్తిని వదల్లేదు. ఎక్కడో అలవాటైన పని చేసుకుంటున్నట్టు బండను కొడుతూనే ఉంది.

శంకరప్ప తాడు కట్టి రెబెక్కను దించాడు. తన మూటలోని బెల్లం ముక్క ఆమె గుప్పిట్లో పెట్టాడు. ఆమె దాన్ని నలిపి యోహాన్ చెంప లోపల రాసింది, చిటికెడు చిటికెడు. ఆయన మింగేదాకా ఆపలేదు. చాలాసేపటికి ఆయన చూపు ఆమె మొహం మీదికి వచ్చి ఆగింది.

"నువ్వు అడుగుతావని చూశాను," అన్నాడు నీరసంగా. "అడగలేదు. అయితే ఇక్కడ ఎటు పోయినా ప్రమాదం లేదేమో అనుకున్నాను."

తాళ్లతో పైకి లాగి, తాండూరులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లారు. మడమ బెణికింది, పడిపోయిన చక్కెర కుదురుకుంది, ప్రాణానికి ఢోకా లేదన్నారు. వరండాలో బెంచీ మీద మార్గరెట్ కూర్చుంది. రెబెక్క ఎదురుగా నిలబడింది. దోషిలా నిలబడటం ఆమెకు కొత్త కాదు.

"ఎందుకు అడగలేదు?"

రెబెక్క చెప్పింది. నమ్మకం సంగతి, బండి సంగతి, నీళ్లు తాగి వెళ్లిన సంగతి, అత్త అన్న మాట. ఏదీ దాచలేదు. అంతా విన్నాక మార్గరెట్ ఒకటే అడిగింది.

"నీ భర్త ఎలా దొరికాడు?"

"చీకటి పడ్డా రాలేదు. ఆటో ఎక్కి పరిగి దాటి దోమ దారిలో వెతుక్కుంటూ వెళ్లాను. రోడ్డు పక్క తుమ్మ పొదల వెనక పడి ఉన్నాడు. ఎవరికీ కనబడలేదు. ఊపిరి ఉంది. నన్ను గుర్తుపట్టాడు. నా ఒడిలో..." రెబెక్క ఆగింది.

"దోమ దారి అని నీకెలా తెలుసు?"

రెబెక్క నోరు తెరిచింది. ప్రేమ్‌సాగర్ మాటే చెవిలో మోగింది. దోమకు పోతున్న, మాపటికల్ల వస్త. అడిగింది కాబట్టి చెప్పాడు. చెప్పాడు కాబట్టి వెళ్లగలిగింది. వెళ్లింది కాబట్టి ఆయన ఆ పొదల్లో ఒంటరిగా పోలేదు. అందరూ ఆ మాటకు ఒక వైపే చూపించారు. రెండో వైపు ఇన్నేళ్లలో ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. బెంచీ మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మార్గరెట్ ఓదార్చలేదు. పక్కకు జరిగి చోటిచ్చింది.

వాళ్లు వెళ్లిపోయే రోజు పొద్దున, వికారాబాద్ గెస్ట్‌హౌస్ వరండాలోంచి యోహాన్ కర్ర ఊతంతో మెట్లు దిగుతున్నాడు. తల మీద అదే టోపీ, నీళ్లలోంచి తీసి ఉతికి ఆరేసినది. గేటు దాకా వెళ్లనిచ్చి, రెబెక్క గడప పట్టుకుంది. తాండూరు గుంత అంచున కూడా ఇంత భయపడలేదేమో.

"యోహాన్," అంది వెనకనుంచే. "ఎక్కడికి?"

ఆయన తిరిగాడు. నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమె ప్రాణం సగం పోయింది.

"మలుపులో టీ కొట్టుదాకా. వస్తావా?"

ఆమె లోపలికి పోయి గ్లాసుడు నీళ్లు తెచ్చింది. కూర్చుని తాగమంది. ఎందుకని అడగకుండా తాగాడు. పాత భయం ఒక్క రోజులో పోతుందా. ఆమె చెప్పులు తొడుక్కుని ఆయన పక్కన నడిచింది. గేటు తీస్తుండగా పై కిటికీలోంచి మార్గరెట్ గొంతు వినబడింది.

"రెబెక్కా, ఎక్కడికి?"

కాళ్లు ఆగిపోయాయి. ప్రేమ్‌సాగర్ పోయాక ఆమెను ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఆమె ఎక్కడికి పోతుందో ఎవరికీ అక్కర లేకపోయింది.

వెనక్కి తిరిగి, కిటికీ వైపు చూసి, గట్టిగా చెప్పింది: "మలుపు కాడికి. జల్దిన వస్త."