పడమటి కిటికీ కర్టెన్

ఏం చూశారో చెప్పండి. ఏమీ చూడలేదంటే కుదరదు. ఆ వీధిలోనే కాపురముంటూ, ఆ కిటికీ పక్కనే కూర్చుని రోజూ టీ తాగుతూ, ఏమీ చూడలేదని ఎవరి చెవిలో పూలు పెడతారు? కర్టెన్ వేసి ఉంది కాబట్టి చూడలేదంటారు. సరే, ఒప్పుకుందాం. మరి ఆ కర్టెన్ ఎందుకు కట్టారు? కథ అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

ఫ్యాక్టరీ గోడకు ఎదురుగా ఉన్న ఆ వీధిలో ఇళ్లన్నీ ఒకే మూసలో పోసినట్టుంటాయి. ముందు గది, వెనక వంటిల్లు, పక్కన ఒక చిన్న గది. తూర్పు కిటికీలోంచి చూస్తే ఇవాళ్టి పెరడు కనిపిస్తుంది. పడమటి కిటికీలోంచి చూస్తే రాబోయే రోజుల వీధి కనిపిస్తుంది. దూరపు రోజైతే మసగ్గా, దగ్గరపడేకొద్దీ స్పష్టంగా. ఇళ్లు కట్టినప్పటి నుంచీ అంతే. కొత్తగా దిగినవాళ్లకు కుళాయి ఎప్పుడొస్తుందో చెప్పినట్టే ఈ సంగతీ చెప్పేవాళ్లు. మొదట్లో జనానికి సరదాగానే ఉండేది. వాన చూసి ముందే బట్టలు తీసుకునేవాళ్లు. ఆడపడుచు పెట్టెతో సహా దిగడం చూసి, ఇంటికి తాళం వేసి చెక్కేసేవాళ్లు. తరవాత ఒక్కొక్కరూ చూడకూడనివి చూశారు. తమ గుమ్మంలోంచి ఎవరిని మోసుకెళ్తారో చూశారు. ఇక చాలనుకుని కర్టెన్లు కట్టారు. దట్టమైన గుడ్డ, లోపల నల్ల అస్తరు.

ఫ్యాక్టరీ వాళ్లకు ఈ కర్టెన్లంటే మహా ప్రేమ. బిడ్డ పుట్టబోయే ప్రతి ఇంటికీ గుడ్డ వాళ్లే ఇస్తారు, ఉచితంగా. రంగు మీ ఇష్టం, బొమ్మ మీ ఇష్టం, అస్తరు మాత్రం నల్లదే. చేతికి తొడుక్కునే తొడుగులు అడిగితే లేవన్న ఫ్యాక్టరీ, కిటికీకి ఇంత గుడ్డ ఎందుకు తొడుగుతోందని ఎవరూ అడగలేదు. ఊరికే వచ్చినదాని మీద ఎవరు నోరు చేసుకుంటారు?

ఆ కర్టెన్లన్నీ కుట్టింది ఒక్క మనిషే. వీధిలో అందరూ ఆమెను టైలరమ్మాయి అంటారు. మొగుడు ఆ ఫ్యాక్టరీలోనే ఫిట్టర్. ఆమెకిప్పుడు నిండు నెలలు. అందరి పిల్లల గదులకూ కర్టెన్లు కుట్టిన చేతులకు ఇప్పుడు సొంత బిడ్డ కిటికీ వచ్చింది.

ఆ గది ఇన్నాళ్లూ సామాన్ల గది. విరిగిన కుర్చీలు, మూతలేని ట్రంకుపెట్టె, చనిపోయిన మామగారి సైకిలు. ఫిట్టర్ అన్నీ బయటికి లాగి గోడలకు సున్నం వేశాడు. దూలానికి ఉయ్యాల కొక్కెం బిగించి, దాని బలం చూడ్డానికి తనే వేలాడాడు.

"దిగండి, ఊడిపోతుంది," అంది టైలరమ్మాయి.

"నేను బిగించిన కొక్కెం అది. ఏనుగునైనా ఆపుతుంది."

"ఆపిందిగా. చూస్తూనే ఉన్నాను."

వంటింట్లోంచి అత్త నవ్వు వినిపించింది. ఫిట్టర్ కూడా నవ్వుతూనే దిగి, పడమటి కిటికీకి కొట్టి ఉన్న పాత చెక్కలు పీకేసి, అటు తల తిప్పకుండా డ్యూటీకి వెళ్లిపోయాడు. అతని చొక్కా మీద ఎప్పటిలాగే ఫ్యాక్టరీ గ్యాసు ట్యాంకు వాసన. కుళ్లిన గడ్డిలాంటి వాసన అది. ట్యాంకు వాల్వు కారుతోందని చెప్పీ చెప్పీ అతనికి నోరు నొప్పెట్టింది. చూద్దాంలే అంటున్నారు పైవాళ్లు.

పడమటి కిటికీ కొలత తీయడానికి ఒక పద్ధతి ఉంది. చట్రానికి వీపు ఆనించి నిలబడాలి. టేపు కొసను తల మీదుగా పై కమ్మీకి నొక్కిపెట్టి, మిగతాది జారవిడిచి, కింది కొసను మడమతో తొక్కాలి. కొలతను వేలితో పట్టుకుని అలాగే ఇవతలికి వచ్చేయాలి. తల తిప్పే పనే లేదు. టైలరమ్మాయి వీధి మొత్తానికీ అలాగే కొలతలు తీసింది. కానీ ఆ రోజు పొట్ట బరువుకు నడుం ఆనలేదు. మడమ కింద టేపు నిలవలేదు. జారి, చుట్ట చుట్టుకుని కిటికీ కింద పడింది. దాన్ని అందుకుందామని ఆమె చట్రం పట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

తిరగ్గానే కళ్లెదుట వీధి.

మిట్టమధ్యాహ్నపు ఎండ. వీధి నిండా చెప్పులు. జతలు జతలుగా కాదు, ఇక్కడొకటి అక్కడొకటి, పరుగెత్తుతుండగా కాళ్లలోంచి ఊడిపోయినట్టు. కుళాయి కట్ట మీద సగం నిండిన బిందె. వేపచెట్టు ఆకులన్నీ తెల్లగా మాడిపోయి ఉన్నాయి. ఫ్యాక్టరీ గోడ వారన ఒక పొడవాటి వరుస. వరుసలో ఉన్నవాళ్ల మీద గుడ్డలు కప్పారు. దుప్పట్లు చాలలేదు కాబోలు, కిటికీల కర్టెన్లు పీకి కప్పారు.

ఆ ద్రాక్షతీగల గుడ్డ పక్కింటి పొడుగు పిన్నిది. ఆ ఎర్రచారల గుడ్డ చివరింటి డ్రైవర్ వాళ్లది. ఆ కాఫీరంగు గుడ్డ తన ఇంటి ముందు గది పడమటి కిటికీదే. రెండు వేళ్ల వెడల్పు అంచు, మూలల్లో అడ్డకుట్టు. తన చేతి కుట్టు తనకు తెలియదా? కాఫీరంగు గుడ్డ పక్కన చాలా చిన్నది ఒకటి ఉంది. నీలం గుడ్డ మీద తెల్ల బాతులు. ఆ గుడ్డ ఆమె ఎప్పుడూ చూడలేదు. అంచు కుట్టు మాత్రం ఆమెదే.

అంతా ఎంత స్పష్టంగా ఉందంటే, బాతుల ముక్కుల మీది పసుపు దారం కూడా కనిపిస్తోంది.

ఆమె టేపు తీసుకుంది, కొలత తీసుకుంది, ఇవతలికి వచ్చేసింది. ఎవరితోనూ ఏమీ అనలేదు. సాయంత్రం అత్త వెంట, ఫ్యాక్టరీ లెక్కలో గుడ్డ ఇచ్చే కర్టెన్ల కొట్టుకు వెళ్లింది.

"రామ్మా టైలరమ్మాయ్!" అన్నాడు కొట్టాయన. "ఇన్నాళ్లూ అందరి కిటికీలూ మూశావు. ఇప్పటికి నీ వంతొచ్చింది!"

ఆ మాటకు తనే పగలబడి నవ్వుకుని, బల్ల మీద గుడ్డల తానులు దొర్లించాడు. చందమామలు, గాలిపటాలు, కుందేళ్లు. అత్త ఒక్కొక్కదాన్నీ రెండు వేళ్లతో నలిపి, దీపానికి ఎత్తి చూసి, పెదవి విరిచి పక్కన పెడుతోంది. అడుగున ఉన్న తానును లాగింది.

"ఇదిగో, ఇది బాగుందే అమ్మాయ్. బాతులు! నీ మొగుడు చిన్నప్పుడు బాతులంటే పడి చచ్చేవాడు."

నీలం మీద తెల్ల బాతులు. ముక్కు మీద పసుపు దారం.

"అది వద్దత్తయ్యా."

"ఎందుకు వద్దు? ముట్టుకుని చూడు, వెన్నలా ఉంది."

"వద్దంటే వద్దు!"

కొట్టాయన చేతులు ఆగిపోయాయి. అత్త కోడలి మొహం వంక ఒకసారి చూసి, బాతుల గుడ్డను కిందికి తోసేసింది. టైలరమ్మాయి చేతికందిన పసుపు గళ్ల గుడ్డ తీసుకుంది.

"దీనికి అస్తరు లేకుండా ఇవ్వండి."

"అమ్మమ్మో, అదొక్కటి అడక్కు తల్లీ. అస్తరు లేని గుడ్డ ఆ వీధికి పంపానంటే నా కొట్టు మూయిస్తారు."

ఇంటికి రాగానే ఆమె గుడ్డను మిషను మీద పడేసి నేరుగా చిన్న గదిలోకి వెళ్లింది. ఈసారి టేపు లేదు, సాకు లేదు. కిటికీకి ఎదురుగా నిలబడి కళ్లారా చూసింది. అదే ఎండ. అవే చెప్పులు. అదే వరుస. చిన్నదాని మీద ఇప్పుడు బాతులు లేవు. పసుపు గళ్లున్నాయి.

ఆమె నేల మీద కూలబడింది. గుమ్మంలో అత్త నిలబడి ఉంది.

"చూశావు కదూ," అంది అత్త. కోపంగా కాదు, అలసటగా. "పొద్దున్నించీ నీ మొహంలో రక్తం లేదు. ఎవరు?"

టైలరమ్మాయి పొట్ట మీద చెయ్యి వేసుకుంది. అత్త గోడకు జారగిలబడింది.

"మీ మామయ్యని నేనూ చూశాను. సమ్మె రోజుల్లో. గేటు దగ్గర్నుంచి మోసుకొస్తున్నారు. వెళ్లొద్దని కాళ్లు పట్టుకున్నాను. నా బుగ్గ మీద చిటికె వేసి వెళ్లిపోయాడు. చూస్తే ఏం లాభమే? ఆగుతుందా? చూడకపోయి ఉంటే ఆ ముందు రాత్రైనా కంటినిండా పడుకునేదాన్ని. ముందు గదికి గుడ్డ అందుకే కట్టాను, అది చిరిగితే నీ చేత ఈ కాఫీరంగుది కుట్టించాను."

"ఎవరెవరికి చెప్పారత్తయ్యా?"

"ఎవరికి చెప్తాను? ఆయనకే చెప్పాను."

"గేటు ముందు వీధి వీధంతా కూర్చుంది కదా అప్పుడు. వాళ్లలో ఒక్కరికైనా చెప్పారా? ఇవాళ ఇలా కనిపించింది, అందరం ఆయన చుట్టూ నిలబడదాం అని ఒక్కరితోనైనా అన్నారా?"

ఆ సమ్మెలో అత్త ఎడమ చెయ్యి విరిగింది. ఇప్పటికీ మోచెయ్యి పూర్తిగా చాపలేదు. లాఠీలకు ఎదురు నిలబడ్డ మనిషి. గేటు ముందు ఆమె అరిస్తే లోపల అధికార్లు కుర్చీల్లోంచి లేచేవాళ్లు. అలాంటి మనిషి ఒక కిటికీకి భయపడింది. భయపడింది కాబట్టి నోరు మూసుకుంది. నోరు మూసుకుంది కాబట్టి చూసింది జరిగిపోయింది. జరిగిపోయింది కాబట్టి ఇంకా భయపడింది. ఇన్నేళ్లుగా ఆ చుట్టే తిరుగుతోంది, గానుగెద్దులా.

అత్త లేచింది. ముందు గదిలోకి వెళ్లి, మంచి చేత్తో కాఫీరంగు కర్టెన్‌ను పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. కడ్డీతో సహా ఊడొచ్చింది.

"రా," అంది. "ఇద్దరం చూద్దాం."

చూశారు. వరుస అలాగే ఉంది. కాఫీరంగు గుడ్డ మాత్రం లేదు. దాని పక్కన చిన్నది కూడా లేదు. వాళ్లున్న చోట ఎండపడ్డ నేల, గోడ నీడ.

టైలరమ్మాయి ఏడ్చింది, నవ్వింది, అత్త మెడను కావలించుకుంది. డ్యూటీ నుంచి వచ్చిన ఫిట్టర్ విషయం విని, గుమ్మంలోనే చతికిలబడ్డాడు. తరవాత గబగబా లేచి సంచీ తీసి బట్టలు కుక్కడం మొదలుపెట్టాడు.

"పొద్దున్నే మా చెల్లెలి ఊరు వెళ్లిపోదాం. బిడ్డ అక్కడే పుడుతుంది. ఆ వాల్వు ఎప్పుడు పోతుందో నాకే తెలీదు. పదండి, పదండి!"

ఆ మాట ఇంకా అతని నోట్లో ఉండగానే పక్కింటి పిట్టగోడ మీదుగా పొడుగు పిన్ని తల పైకి లేచింది.

"ఏమేవ్ అమ్మాయ్, కర్టెన్ గుడ్డ తెచ్చారటగా! ఏ రంగు తీసుకున్నావే? మా మనవడికి తీసుకున్న ద్రాక్షతీగలు మాత్రం దేనికీ రావు, ముందే చెప్తున్నా!"

కుక్కుతున్న సంచీ మీద ఫిట్టర్ చేతులు ఆగాయి. కిటికీలో ఆ ద్రాక్షతీగలు ఎండలో పరుచుకునే ఉన్నాయి. ఆ గుడ్డ కింద ఒకరు కాదు, ఒక పెద్ద, ఒక చిన్న.

టైలరమ్మాయి కళ్లు తుడుచుకుని పిట్టగోడ దగ్గరికి నడిచింది.

"పిన్నీ, మీ కర్టెన్ తీసి చూడండి."

"నీకేమైనా మతిపోయిందా? కడుపుతో ఉండి అవేం మాటలు?"

"కింద మూల మీ మనవడు కత్తెరతో కోస్తే నేను ఆకుపచ్చ అతుకు వేశాను. గుర్తుందా? ఆ అతుకు కనిపించింది పిన్నీ. ఫ్యాక్టరీ గోడ వారన. మట్టిలో."

పొడుగు పిన్ని మొహం పాలిపోయింది. తల పిట్టగోడ వెనక్కి దిగిపోయింది. తరవాత రింగులు కడ్డీ మీద గరగరా జారిన చప్పుడు. ఆ వెంటనే ఒక అరుపు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అరిచినట్టు. ఇవతల కిటికీలో ద్రాక్షతీగలు మాయమయ్యాయి.

అప్పుడే టైలరమ్మాయి నడుం పట్టుకుని వంగిపోయింది. మొదటి నొప్పి.

"ఆస్పత్రికి," అన్నాడు ఫిట్టర్.

"వెళ్దాం. దారిలో తలుపులు కొట్టుకుంటూ వెళ్దాం." పళ్ల బిగువున అంది ఆమె. "ఆ వరుసలో ఉన్నప్పుడు మన బిడ్డ పుట్టి ఉందండీ. ఆ బిడ్డ ఇప్పుడు వచ్చేస్తోంది, అంటే ఆ రోజు ఇంకెంతో దూరం లేదు. పారిపోతే మనం మిగులుతాం. అందరూ కర్టెన్లు పీకి పొద్దున్నే గేటు ముందు కూర్చుంటే, ఆ ట్యాంకు ఖాళీ చేయకుండా ఎవడు లోపలికి పోతాడు?"

అత్త చెప్పులు వేసుకుంది. "గేటు సంగతి నాకొదిలెయ్యి," అంది.

పొడుగు పిన్ని మనవణ్ణి చంకనేసుకుని వచ్చి కలిసింది. నలుగురూ వీధిలో నడిచారు. కొందరు కర్టెన్లు తీసి చూశారు. కొందరు తిట్టారు. డ్రైవర్ తలుపు సందులోంచే, "ఫ్యాక్టరీ ఉప్పు తింటూ ఇదేం పని?" అని, గొళ్లెం బిగించుకున్నాడు. అతని ఎర్రచారలు ఆ వరుసలోనే ఉండిపోయాయి. నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె గోడ పట్టుకుని ఆగుతోంది, వదలగానే మళ్లీ నడుస్తోంది. నొప్పికీ నొప్పికీ మధ్య సందు తగ్గిపోతోంది. కుళ్లిన గడ్డి వాసన ఇవాళ గోడ దాటి ఇళ్ల మధ్యకు వచ్చింది.

ఇప్పుడామె మీ గుమ్మం ముందు ఉంది. మీ కర్టెన్ రంగు ఏమిటో, ఆ వరుసలో ఎక్కడుందో ఆమెకు తెలుసు. కుట్టింది ఆమే. లోపల మీరు ఊపిరి బిగబట్టి, లైటు ఆర్పేసి, పిల్లల నోళ్లు మూసి నిలబడ్డారు. ఆమె మళ్లీ కొడుతోంది, ఈసారి పిడికిలితో కాదు, రెండు అరచేతులతో. తీస్తారా, తీయరా?